సిస్ప్లాటిన్‌ను బంగారు కణాల మీద ఎక్కించి పంపొచ్చని ఎప్పటి నుంచో అంటున్నారు, మరి వార్డు దాకా ఎందుకు రాలేదు?

ప్రశ్న: ఇంటర్‌కెమిస్ట్రీ_టీచర్

అందరికీ నమస్కారం. నేను గుంటూరు జిల్లాలో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. సెకండియర్‌లో కో-ఆర్డినేషన్ కాంపౌండ్స్ పాఠం చివర్లో సిస్ప్లాటిన్ గురించి ఒక్క వాక్యం వస్తుంది, క్యాన్సర్ చికిత్సలో వాడతారని. ఏళ్ల తరబడి ఆ వాక్యం కింద పిల్లలతో గీత గీయించి ముందుకు వెళ్లిపోయాను. పోయిన ఏడాది మా నాన్నగారికి గొంతు క్యాన్సర్ అని తేలింది. రేడియేషన్‌తో పాటు రాసిన మందు అదే. మొదటిరోజు నల్ల కవరు తొడిగిన సెలైన్ సీసా మీద ఆ పేరు చదివినప్పుడు నా చేతులు చల్లబడ్డాయి.

చికిత్స పూర్తయింది. గడ్డ తగ్గింది, దేవుడి దయ. కానీ మధ్యలో ఒక రాత్రి జరిగింది చెప్తాను. ఒళ్లు వెచ్చగా ఉందంటే డిజిటల్ థర్మామీటర్ ఇచ్చాను. చంకలో పెట్టుకుని మంచం మీద కూర్చున్నారు. అది బీప్ బీప్‌మని మోగి ఆగింది. ఆయన తీయలేదు. "మోగింది కదా నాన్నా" అన్నాను. "ఎక్కడమ్మా, ఇంకా మోగలేదు" అన్నారు. మళ్లీ పెట్టాం. మళ్లీ మోగింది. ఆయన నా ముఖంలోకి చూస్తూ అలాగే కూర్చున్నారు. నా మాట వినిపిస్తోంది, టీవీ వినిపిస్తోంది, ఆ సన్నటి బీప్ మాత్రం ఆయన చెవిదాకా చేరడం లేదు. తర్వాత పరీక్ష చేయిస్తే పై స్థాయి శబ్దాలు రెండు చెవుల్లోనూ పోయాయన్నారు. ఇది మందు వల్ల వస్తుందని మొదలుపెట్టేముందు మాకు ఎవరూ చెప్పలేదు.

అప్పటి నుంచీ దొరికిందల్లా చదువుతున్నాను. బంగారు నానో కణాలు, సిలికా, ఐరన్ ఆక్సైడ్ మీద ప్లాటినం మందును ఎక్కించి నేరుగా గడ్డ దగ్గరికే పంపొచ్చని, అప్పుడు కిడ్నీకీ చెవికీ దెబ్బ తగలదని ఎన్నో పేపర్లలో ఉంది. 2009 నుంచీ ఉన్నాయి అలాంటివి. మరి ఇన్నేళ్లలో ఒక్కటైనా ఆస్పత్రికి ఎందుకు రాలేదు? డబ్బు సమస్యా, కెమిస్ట్రీ సమస్యా? తెలిసినవాళ్లు కాస్త లోతుగానే చెప్పండి, సమీకరణాలున్నా పర్వాలేదు.

ఇంకో సంగతి. మా బంధువొకాయన "నానో గోల్డ్" అని ఒక చుక్కల మందు సీసా తెచ్చి, రోజూ పది చుక్కలు పాలలో వేసి ఇమ్మంటున్నారు. ఇవ్వొచ్చా?

---

జవాబు 1: కీమో_ఫార్మసిస్ట్

టీచర్ గారూ, ముందు చివరి ప్రశ్నకి. ఇవ్వకండి. ఆ సీసాలో ఏముందో, ఎంత సైజు కణాలున్నాయో, వాటి మీద ఏం పూశారో లేబుల్ మీద ఉండదు. మీరు చదివిన పేపర్లలోని బంగారానికీ దీనికీ సంబంధం లేదు. పేపర్లలో బంగారం మందు కాదు, మందును మోసే బండి. మందు లేని బండిని పాలలో కలిపి తాగితే గడ్డకు ఏమీ కాదు. మీ డాక్టర్‌గారికి ఆ సీసా తీసుకెళ్లి చూపించండి, బంధువుగారికి మొహమాటం లేకుండా చెప్పడం కూడా తేలికవుతుంది.

నేను పదకొండేళ్లుగా కీమో మందులు కలిపే గదిలో పని చేస్తున్నాను. సిస్ప్లాటిన్‌కి చాలా పట్టింపులు. ఫ్రిజ్‌లో పెడితే స్ఫటికాలు కడుతుంది, అందుకే బయటే ఉంచుతాం. వెలుతురు పడకూడదు, అందుకే మీరు చూసిన నల్ల కవరు. అల్యూమినియం ఉన్న సూది తగలకూడదు, తగిలితే అల్యూమినియం ప్లాటినాన్ని బయటికి నెట్టేస్తుంది, మడ్డి దిగుతుంది, మందు బలం పోతుంది. ఉత్త నీళ్లలోనో డెక్స్‌ట్రోజ్‌లోనో కాకుండా ఉప్పు ఉన్న సెలైన్‌లోనే కలుపుతాం. ముందు సెలైన్, తర్వాత సెలైన్, మెగ్నీషియం, మూత్రం ఎంత వచ్చిందో కొలవడం, ఇవన్నీ కిడ్నీ కోసం. కిడ్నీని ఇలా చాలావరకు కాపాడుకోగలుగుతున్నాం. చెవికి మాత్రం సెలైన్ ఉపయోగపడదు.

ఈ దారం చదివే మిగతావాళ్లకి ఒక మాట: సిస్ప్లాటిన్ మొదలుపెట్టకముందే ఒక ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష, చేయించమని అడగండి. చెవిలో హోరు మొదలైతే తర్వాతి డోసు దాకా ఆగకుండా అప్పుడే చెప్పండి. డోసు మార్చాలా, కార్బోప్లాటిన్ అనే మరో ప్లాటినం మందుకి వెళ్లాలా అన్నది డాక్టర్‌గారు చూసుకుంటారు, కానీ వాళ్లకు తెలియాలి కదా.

---

జవాబు 2: ఎర్ర_ఫ్లాస్కు

టీచర్ గారూ, మీ నాన్నగారి థర్మామీటర్ సంగతి రెండుసార్లు చదివాను. నా పీహెచ్‌డీ మొత్తం ఈ పనే. హైదరాబాద్‌లో ఐదున్నరేళ్లు, ప్లాటినం మందును మొదట బంగారం మీద, తర్వాత సిలికాలో ఎక్కించడానికి కూర్చున్నాను. కాబట్టి మీరు అడిగినదానికి నా చేతులతో చూసింది చెప్తాను. డబ్బు సమస్య ఉంది, కానీ అది రెండోది. మొదటిది కెమిస్ట్రీయే.

సిస్ప్లాటిన్ ఎలా పని చేస్తుందో మీకు సగం తెలిసే ఉంటుంది. ప్లాటినం చుట్టూ రెండు అమ్మోనియాలు, రెండు క్లోరైడ్‌లు. రక్తంలో క్లోరైడ్ సుమారు 100 మిల్లీమోలార్ ఉంటుంది కాబట్టి అక్కడ దాని క్లోరైడ్‌లు అంత తేలిగ్గా ఊడవు. ఫార్మసిస్ట్ గారు సెలైన్‌లోనే కలుపుతామన్నది ఇందుకే. శరీర కణం (సెల్) లోపలికి వెళ్తే క్లోరైడ్ 4 నుంచి 20 మధ్యకి పడిపోతుంది. అప్పుడు క్లోరైడ్ ఊడి ఆ చోటికి నీరు వస్తుంది. ఆ నీటిని తోసి డీఎన్ఏలోని గ్వానీన్ అనే క్షారంలో ఎన్7 అనే నైట్రోజన్ పట్టుకుంటుంది. పక్కపక్కనే ఉన్న రెండు గ్వానీన్‌లను ప్లాటినం ముడేస్తే డీఎన్ఏ ఆ చోట వంగిపోతుంది, కణం చచ్చిపోతుంది. 1965లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో బార్నెట్ రోజెన్‌బర్గ్ బ్యాక్టీరియాలోకి కరెంటు పంపి చూస్తుంటే అవి విడిపోకుండా పొడుగ్గా దారాల్లా పెరిగాయి. కారణం కరెంటు కాదు, ప్లాటినం ఎలక్ట్రోడ్ నుంచి కరిగివచ్చిన సమ్మేళనాలు. 1978లో అమెరికాలో మందుగా అనుమతి వచ్చింది. వృషణాల క్యాన్సర్‌ ఒళ్లంతా పాకినవాళ్లు కూడా దీంతో బతికి బట్టకట్టారు. ఇంత మంచి మందును వదులుకోలేం. అందుకే దాని దారి మార్చాలని ఇంతమంది తాపత్రయం.

ఇబ్బంది ఎక్కడంటే ప్లాటినానికి గంధకం అంటే ప్రాణం. రక్తంలో అల్బుమిన్ మీద గంధకం ఉంది, దానికి అంటుకుంటుంది. ఒక రోజు గడిచేసరికి రక్తంలో మిగిలిన ప్లాటినంలో ఎక్కువ భాగం ప్రోటీన్లకు అతుక్కునే ఉంటుంది. కిడ్నీ నాళికల కణాలు దాన్ని తమ రవాణా ప్రోటీన్లతో లోపలికి లాక్కుంటాయి. చెవి సంగతి ఇంకా బాధాకరం. శరీరంలో మిగతాచోట్ల నుంచి ప్లాటినం మెల్లగా వెళ్లిపోతుంటే, లోపలి చెవిలోని కాక్లియాలో మాత్రం నెలల తరబడి, ఏళ్ల తరబడి ఉండిపోతుందని 2017లో ఎలుకల్లోనూ మనుషుల్లోనూ చూపించారు. పై స్థాయి శబ్దాలను పట్టే కణాలు ముందు దెబ్బతింటాయి, అందుకే థర్మామీటర్ బీప్ పోయి మీ గొంతు మిగిలింది.

ఇక బంగారం. నా మొదటి ఏడాదిలో ఒక మధ్యాహ్నం ఇప్పటికీ కళ్లముందే ఉంది. 1951 నాటి టర్కెవిచ్ పద్ధతిలో బంగారు కొల్లాయిడ్ చేశాను. మరుగుతున్న లేత పసుపు ద్రావణంలో సిట్రేట్ పోస్తే ఆ పసుపు పోతుంది, కాసేపు నీలినలుపుగా మసకబారుతుంది, ఆ తర్వాత ద్రాక్షరసం లాంటి ఎరుపు తేలుతుంది. ఆ ఎరుపు వచ్చిందంటే కణాలు విడివిడిగా, పదిహేను నానోమీటర్ల చుట్టూ ఉన్నాయని అర్థం. ఎండకు ఎదురుగా పట్టుకుంటే ఫ్లాస్కు లోంచి కిటికీ కనిపించేంత తేటగా ఉంది. సెలైన్‌లో కరిగించి ఉంచుకున్న సిస్ప్లాటిన్‌ను పిపెట్‌తో అందులో వదిలాను. మొదటి చుక్కకే చుక్క పడ్డచోట ఊదారంగు. ఫ్లాస్కు ఒక్కసారి తిప్పేలోపు మొత్తం నీలం. అరగంటకి అడుగున నల్లటి మడ్డి, పైన ఉత్త నీళ్లు. ఒక వారం బంగారం.

తప్పు సిస్ప్లాటిన్‌ది కాదు, ఉప్పుది. సిట్రేట్ పూసిన బంగారు కణాలన్నిటికీ రుణావేశం ఉంటుంది, ఆ వికర్షణతోనే దూరదూరంగా ఉంటాయి. ఉప్పు పడగానే ఆ ఆవేశాల మధ్య సోడియం అడ్డొచ్చి కణాలు గుంపుకడతాయి. గుంపుకడితే ఎరుపు పోయి నీలం. చూడండి చిక్కు: సిస్ప్లాటిన్‌కి ఉప్పు కావాలి, బంగారానికి ఉప్పు పనికిరాదు. ఉత్త నీళ్లలో చేద్దామంటే గంటల్లోనే సిస్ప్లాటిన్ క్లోరైడ్ వదిలేసి రూపం మారిపోతుంది. పోనీ డీఎమ్ఎస్ఓ అనే ద్రావణిలో కరిగిద్దామంటే అందులోని గంధకం క్లోరైడ్‌ను తోసేసి ప్లాటినాన్ని పట్టేస్తుంది, మందు పనికిరాకుండా పోతుంది. డీఎమ్ఎస్ఓలో కరిగించి "సిస్ప్లాటిన్ పని చేయలేదు" అని రాసిన పేపర్లు చాలా ఉన్నాయి, చదివేటప్పుడు ముందు ఆ లైను వెతకండి.

మీరన్న 2009 పేపర్ ఈ చిక్కును అందంగా దాటింది. ఎమ్ఐటీలో స్టీఫెన్ లిప్పర్డ్, నార్త్‌వెస్టర్న్‌లో చాడ్ మిర్కిన్, వాళ్ల బృందాలు కలిసి చేసిన పని. మొదటి రచయిత్రి శాంత ధర్, మన ఐఐఎస్సీలో చదివినావిడ. వాళ్లు ప్లాటినం +2 బదులు ప్లాటినం +4 తీసుకున్నారు. పిల్లలకు మీరు చెప్పే పాఠమే: +4 అంటే డీ6, తక్కువ స్పిన్, ఆరు బంధాల అష్టముఖి, లిగాండ్‌లను, అంటే చుట్టూ అతుక్కున్న గుంపులను, చాలా నెమ్మదిగా వదిలే మొండిది. అల్బుమిన్ గంధకానికి అంత తొందరగా లొంగదు. పైన ఒకటి, కింద ఒకటి చొప్పున అదనంగా వచ్చిన రెండు లిగాండ్ చోట్లలో ఒకదానికి సక్సినేట్ తగిలించి, దాని కొసనున్న కార్బాక్సిల్‌తో బంగారం మీది డీఎన్ఏ పోగులకు ముడేశారు. సెల్ లోపల గ్లూటాథయోన్ అనే క్షయకరణి 1 నుంచి 10 మిల్లీమోలార్ దాకా ఉంటుంది, రక్తంలో మైక్రోమోలార్లలోనే. లోపలికి వెళ్లాక క్షయకరణం జరిగి +4 కాస్తా +2 అవుతుంది, పైనా కిందా లిగాండ్‌లు ఊడిపోతాయి, సిస్ప్లాటిన్ పుడుతుంది. దారిలో గట్టిగా, గమ్యంలో వదులుగా. ఈ రంగంలో ఇంతకంటే చక్కని ఆలోచన నేను చూడలేదు. తర్వాత నేను చేసిందంతా ఆ దారిలోనే.

సిలికాకి వస్తే, 1992లో మొబిల్ కంపెనీవాళ్లు బయటపెట్టిన ఎమ్‌సీఎమ్-41 లాంటిది తీసుకోండి. తేనెపట్టులా సన్నని గొట్టాలు. ఒక్క గ్రాము పొడి లోపలి గోడలన్నీ విప్పి పరిస్తే సుమారు వెయ్యి చదరపు మీటర్లు, మన లెక్కలో పాతిక సెంట్ల నేల. అంత చోటుంది కదా అని మందు నానబెడితే లోపలికి వెళ్తుంది, సెలైన్‌లో వేయగానే వెళ్లినంత తేలిగ్గా బయటికొస్తుంది. సిస్ప్లాటిన్ చిన్న అణువు, దాన్ని పట్టి ఉంచేది ఏదీ లేదు. గోడలకు కార్బాక్సిల్ గుంపులు కడితే, క్లోరైడ్ వదిలిన ప్లాటినం వాటిని పట్టుకుంటుంది, కొంత ఆగుతుంది. కానీ అదే క్లోరైడ్ రక్తంలో వంద మిల్లీమోలార్ ఉంది, దారిలోనే ఊడదీస్తుంది. మళ్లీ మొదటికి.

ఇక్కడ నాకు తగిలిన పెద్ద దెబ్బ చెప్పాలి, ఎందుకంటే మీ ప్రశ్నకి అసలు జవాబు అందులోనే ఉంది. మూడో ఏడాదిలో గంధకం కొసలున్న సిలికాతో చేసిన ఒక నమూనాలో ప్లాటినం ఎంత ఉందో లోహాలను కొలిచే ఐసీపీ-ఎమ్ఎస్ యంత్రంలో చూశాం. అంతవరకు రానంత పెద్ద సంఖ్య వచ్చింది. మూడుసార్లు కడిగినా పోలేదు. రాత్రి హాస్టల్‌కి నడుస్తూ అమ్మకి ఫోన్ చేసి చెప్పాను, పని అయిందని. మర్నాడు గైడ్‌గారు ఆ కాగితం చూసి ఒకటే అడిగారు. "అందులో ఉన్నది ప్లాటినం. అది సిస్ప్లాటినేనా?"

ఆ యంత్రం నమూనాను ఆర్గాన్ ప్లాస్మాలో కాల్చి అణువులన్నిటినీ పరమాణువులుగా విడగొడుతుంది. ప్లాటినం ఎంత ఉందో చెబుతుంది, ఏ రూపంలో ఉందో చెప్పదు. మేం నమూనాను డీఎన్ఏతో కలిపి ఉంచి, డీఎన్ఏని కడిగి వేరుచేసి, దాని మీద ఎంత ప్లాటినం చేరిందో కొలిచాం. దాదాపు ఏమీ లేదు. ప్లాటినమంతా సిలికా మీది గంధకాన్ని కరుచుకుని కూర్చుంది, ఇక వదలదు. క్యాన్సర్ కణాల మీద వేస్తే కణాలు చక్కగా పెరిగాయి. అంతా మోశాం, దింపలేకపోయాం.

ఇదే తప్పు మనుషుల్లో కూడా జరిగింది. ఎస్‌పీఐ-77 అని సిస్ప్లాటిన్‌ను కొవ్వు పొరల లైపోజోమ్‌లో దాచి ఇచ్చారు. అది అకర్బన కణం కాదు, కానీ పాఠం అదే. కిడ్నీకి బాధ తగ్గింది, వాంతులు తగ్గాయి. గడ్డ కూడా తగ్గలేదు. మందు లైపోజోమ్ నుంచి బయటికి రాలేదు. అందుకే "విషప్రభావం తగ్గింది" అని మాత్రమే రాసిన పేపర్ చూస్తే నాకు ఆనందం రాదు. బయటికి రాని మందుకి విషప్రభావం ఎందుకుంటుంది? కొలవాల్సింది గడ్డలోకి చేరిన ప్లాటినం కాదు, గడ్డలోని డీఎన్ఏ మీదికి చేరిన ప్లాటినం.

ఆ గడ్డకైనా ఎంత చేరుతుంది? 2016లో టొరంటో యూనివర్సిటీలో వారెన్ చాన్ బృందం అంతకుముందు పదేళ్లలో వచ్చిన జంతు ప్రయోగాలన్నీ ఒకచోట వేసి లెక్క కట్టింది. ఎక్కించిన నానో కణాల్లో గడ్డకు చేరింది, మధ్యగతం తీస్తే, 0.7 శాతం. వెయ్యి కణాలు పంపితే ఏడు. మిగతావాటిలో ఎక్కువ భాగం కాలేయం, ప్లీహంలో ఆగుతుంది, అక్కడి భక్షక కణాలు పట్టేస్తాయి. గడ్డల్లో రక్తనాళాలు కారుతుంటాయి కాబట్టి నానో కణాలు వాటంతటవే అక్కడ పోగవుతాయన్న మాటని 1986లో జపాన్‌లో మత్సుమురా, మయేదా చెప్పారు. ఎలుక తొడ మీద రెండు వారాల్లో పెరిగిన గడ్డలో అది బాగా కనిపిస్తుంది. మనిషి గొంతులో ఏళ్లుగా పెరిగిన గడ్డ అలా ఉండదు, మనిషికీ మనిషికీ తేడా.

కాలేయంలో ఆగిన కణాల సంగతేంటన్నది తర్వాతి ప్రశ్న. ఐరన్ ఆక్సైడ్‌ను శరీరం మెల్లగా అరిగించుకుని ఐరన్ నిల్వల్లో కలుపుకుంటుంది. 2009లో అమెరికాలో రక్తహీనతకి అనుమతి పొందిన ఫెరుమాక్సిటాల్ అలాంటిదే. సిలికా కరిగి సిలిసిక్ ఆమ్లంగా మూత్రంలో పోతుంది. బంగారం కరగదు. కిడ్నీ గుండా బయటికి పోవాలంటే కణం ఐదున్నర నానోమీటర్ల లోపు ఉండాలి, అంత చిన్నదైతే గడ్డలో ఆగకముందే మూత్రంలోకి పోతుంది. నాకు బంగారమంటే ఎంత ఇష్టమైనా, మీ నాన్నగారి లాంటివాళ్లకి పదేపదే ఎక్కించాల్సిన మందుకి బండిగా సిలికానో ఐరన్ ఆక్సైడో మేలనే అంటాను.

మరి అకర్బన నానో కణాలు క్యాన్సర్ చికిత్సలోకి అసలు రాలేదా అంటే వచ్చాయి. యూరప్‌లో 2010లో మెదడు కణితులకి ఐరన్ ఆక్సైడ్ కణాలు, అయస్కాంత క్షేత్రంతో వేడి పుట్టించడానికి. 2019లో సార్కోమాకి హాఫ్నియం ఆక్సైడ్ కణాలు, రేడియేషన్ బలం పెంచడానికి. రెండిటినీ సూదితో నేరుగా గడ్డలోకే ఎక్కిస్తారు, రక్తం దారి లేదు, దింపాల్సిన మందూ లేదు. పైన చెప్పిన చిక్కులు రెండూ లేని చోటే ఇవి గెలిచాయి. ప్లాటినం మందును మోసే అకర్బన కణం మాత్రం ఇంకా ఏ ఆస్పత్రి మందుల గదికీ రాలేదు.

చెవి విషయంలో ఒక్క మంచి కబురు. 2022లో అమెరికాలో సోడియం థయోసల్ఫేట్‌కి, వేరేచోటికి పాకని గడ్డలున్న పిల్లల్లో వినికిడి కాపాడటానికి అనుమతి వచ్చింది. సిస్ప్లాటిన్ ఇచ్చిన ఆరు గంటలకు ఎక్కిస్తారు. ఆలోగా మందు గడ్డలో తన పని చేసుకుంటుంది, ఆ తర్వాత మిగిలినదాన్ని థయోసల్ఫేట్‌లోని గంధకం పట్టేస్తుంది. నా సిలికాని పాడుచేసిన గంధకమే అక్కడ ఒక పిల్లవాడి చెవిని కాపాడుతోంది. పెద్దల్లో గొంతు క్యాన్సర్‌కి అది ఆనవాయితీ కాలేదు, కాబట్టి మీ నాన్నగారి చికిత్సలో అది లేకపోవడం ఎవరి పొరపాటూ కాదు. కానీ వినికిడి పోవచ్చని ముందే చెప్పకపోవడం పొరపాటే. ఆ ఒక్క మాట చెప్పడానికి ఏ నానో కణమూ అక్కర్లేదు.

---

జవాబు 3: ఎమ్మెస్సీ_ఫైనల్

ఎర్ర ఫ్లాస్కు గారూ, మా ప్రాజెక్టులో తులసి ఆకుల కషాయంతో బంగారు కణాలు చేశాం, రంగు బాగా వచ్చింది. 530 నానోమీటర్ల దగ్గర కాంతి శోషణ శిఖరం ఉంది. వీటి మీద సిస్ప్లాటిన్ ఎక్కిస్తే పేపర్ అవుతుందా? ప్లాటినం కాకుండా వేరే లోహం ఏదైనా తేలికా?

---

జవాబు 4: ఎర్ర_ఫ్లాస్కు

తమ్ముడూ, ముందు భద్రత. సిస్ప్లాటిన్ ఇది క్యాన్సర్ కణం, ఇది మామూలు కణం అని తేడా చూసి చంపదు. దాన్ని తయారుచేయడానికి వాడే పొటాషియం టెట్రాక్లోరోప్లాటినేట్ లాంటి లవణాల పొడి పీలిస్తే ఆస్తమా వస్తుంది, ఒకసారి పడకుండా పోయిందంటే తర్వాత కొంచెం తగిలినా ఆయాసమే. హుడ్ లేకుండా, సరైన గ్లౌజులు లేకుండా, వ్యర్థాలను విడిగా పోగుచేసే ఏర్పాటు లేకుండా ముట్టుకోవద్దు. మీ కాలేజీలో ఇవి లేకపోతే ఈ ప్రాజెక్టు వద్దు, అన్న మాటగా చెప్తున్నాను.

ఇక కెమిస్ట్రీ. తులసి కషాయంలో పాలీఫినాల్స్, ప్రోటీన్లు, చక్కెరలు అన్నీ ఉంటాయి. మీ బంగారం మీద ఏది పూత పట్టిందో మీకు తెలియదు, వచ్చే నెల కోసిన ఆకుతో అదే పూత రాదు. ప్లాటినం వాటిలో దేన్ని పట్టుకుందో ఎలా చెప్తారు? ఎక్కించామన్నది తేలిక, ఏ బంధంతో ఎక్కిందో చెప్పడమే పని. మీకు చేతనైన మంచి ప్రయోగం ఒకటుంది. మీ కణాలను సెలైన్‌లో, రక్తరసి కలిపిన ద్రావణంలో ఒక రోజు ఉంచి ఆ 530 శిఖరం కదిలిందో లేదో చూడండి. సిట్రేట్ పూసినవాటితో పోల్చండి. చిన్నదే, కానీ నిజాయితీగా చేస్తే పనికొచ్చే సమాచారం.

వేరే లోహాల్లో రుథేనియం నాకు నచ్చుతుంది. 2013లో నార్త్‌వెస్టర్న్‌లో ఫ్రేజర్ స్టొడార్ట్ బృందం రుథేనియం సంశ్లిష్టాన్ని సిలికా మీద కట్టి, వెలుగు పడగానే ఊడిపోయేలా చేసింది. గ్లూటాథయోన్ మీద ఆధారపడకుండా, ఎప్పుడు దింపాలో మన చేతిలో ఉంటుంది. వెలుగు చేరే చోటికే పనికొస్తుంది, అది దాని హద్దు. హాఫ్నియం ఆక్సైడ్ కణాల మీద ప్లాటినం ఎక్కించి కొలిచేటప్పుడు మాత్రం జాగ్రత్త: హాఫ్నియం 179కి ఆక్సిజన్ 16 కలిస్తే 195, ప్లాటినం 195 ఉన్నచోటే వచ్చి కూర్చుంటుంది. బండినే చూసి సరుకనుకుంటారు.

---

జవాబు 5: ఇంటర్‌కెమిస్ట్రీ_టీచర్

ఎర్ర ఫ్లాస్కు గారూ, ఫార్మసిస్ట్ గారూ, ఇద్దరికీ చేతులెత్తి దండం. రాత్రి ఇదంతా కాగితం మీద బొమ్మలు గీసుకుంటూ చదివాను. "అంతా మోశాం, దింపలేకపోయాం" దగ్గర ఆగిపోయాను. ఇన్నాళ్లూ నేను చదివిన పేపర్లలో ఎంత ఎక్కిందన్న గ్రాఫే చూశాను, ఏ రూపంలో ఉందన్నది ఎప్పుడూ వెతకలేదు. మళ్లీ తీసి చూస్తే నా దగ్గరున్న పదకొండింటిలో నాలుగింటిలోనే డీఎన్ఏ మీద ప్లాటినం కొలిచారు. ఇద్దరు డీఎమ్ఎస్ఓ వాడారు.

నానో గోల్డ్ సీసా తిరిగిచ్చేశాను. బంధువుగారు నొచ్చుకున్నారు, నాన్నగారే సర్దిచెప్పారు.

నాన్నగారికి వచ్చే వారం చెవి మిషన్ కోసం కొలతలు తీసుకుంటున్నారు. థర్మామీటర్ మార్చాం, జ్వరం ఉంటే తెర ఎర్రగా వెలిగేది తెచ్చాను. ఇప్పుడు ఆయనే పెట్టుకుని ఆయనే చదువుకుంటున్నారు.

ఒక సాయం అడగొచ్చా? వచ్చే సోమవారం నుంచి కో-ఆర్డినేషన్ పాఠం. ఈసారి సిస్ప్లాటిన్‌కి ఒక పూర్తి పీరియడ్ తీసుకుంటాను. సిస్, ట్రాన్స్ రెండూ బోర్డు మీద వేసి, అవే పరమాణువులున్నా ట్రాన్స్ మందుగా ఎందుకు పనికిరాదో చెప్తాను. మీ ఎర్ర ఫ్లాస్కు, నీలం ఫ్లాస్కు పక్కపక్కన పెట్టిన ఫోటో ఏదైనా ఉంటే పంపగలరా? మా ల్యాబ్‌లో బంగారం కొనే స్తోమత లేదు.

---

జవాబు 6: ఎర్ర_ఫ్లాస్కు

పాత ఫోటోలు ఉన్నాయి కానీ మసకగా ఉన్నాయి టీచర్ గారూ. శనివారం కొత్తగా చేస్తాను. గాజు సామాను ముందు రోజు రాత్రే బంగారాన్ని కరిగించే ఆమ్లాల మిశ్రమమైన ద్రవరాజంతో కడగాలి, పాత బంగారం పిసరు మిగిలినా రంగు సరిగా రాదు. ఎరుపు తేలేటప్పుడు ఒకటి, సెలైన్ చుక్క పడ్డచోట ఊదారంగు విచ్చుకునేటప్పుడు ఒకటి వీడియో తీస్తాను. సిస్ప్లాటిన్ అక్కర్లేదు, ఉత్త సెలైన్‌తోనే అవుతుంది, పిల్లలకి అది చెప్పండి. ఆదివారం సాయంత్రానికి ఇక్కడే పెడతాను. ఫోన్‌లో కాకుండా తరగతిలో ప్రొజెక్టర్ ఉంటే దాని మీద చూపించండి, ఫోన్ తెర మీద ఆ ఎరుపు సరిగా కనిపించదు.